గాలి లాగుతున్న పాత బండ్ల గురించి మా ఖాతాదారులకు

గౌరవనీయులైన ఖాతాదారులకు నమస్కారం.

నల్గొండ గడియారం నుంచి దేవరకొండ రోడ్డుకు పోయే దారిలో ఉన్న మా మెకానిక్ కొట్టులో, ఉగాది తర్వాత కార్బొరేటర్ సర్వీసు చేయించుకున్న పాత బండ్లు కొన్ని రెండు మూడు వారాలు తిరగకముందే అదే ఫిర్యాదుతో మళ్లీ వచ్చాయి. రేసు వదిలినా ఇంజను వెంటనే దిగడం లేదని, స్లో (రేసు ఇవ్వనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా ఉంటోందని, దిగుడులో గేరు మీద వస్తుంటే సైలెన్సర్ టపటపమంటోందని చెప్పారు. అలా తిరిగి వచ్చిన 9 బండ్లను విప్పి చూస్తే, 7 బండ్లలో కార్బొరేటర్‌కు ఏ లోపమూ లేదు. కార్బొరేటర్‌కూ ఇంజను హెడ్‌కూ నడుమ ఉండే రబ్బరు దగ్గరో, ఓ-రింగు దగ్గరో, ప్యాకింగు దగ్గరో గాలి లాగుతోంది, అంటే బయటి గాలి లోపలికి చేరుతోంది. అంటే లోపం లేని భాగాన్ని కడిగి, అందుకు మీ దగ్గర డబ్బు తీసుకున్నాము. ఆ సంగతి దాచకుండా చెప్పి, ఇక ముందు మా పద్ధతి ఎలా ఉంటుందో తెలియజేయడానికే ఇది రాస్తున్నాను.

గాలినీ పెట్రోలునూ లెక్క ప్రకారం కలపడమే కార్బొరేటర్ పని. బరువులో చూస్తే 1 పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. కార్బొరేటర్ దాటిన తర్వాత ఏ సన్నని పగులులోంచో దొంగగాలి చేరితే, దానికి తోడుగా పెట్రోలు రాదు కనుక మిశ్రమం పలచబడుతుంది. రేసు మూసి ఉన్నప్పుడు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ నడుమ ఉండే గొట్టంలో పీల్పు చాలా ఎక్కువ. రేసు పూర్తిగా తెరిచినప్పుడు పీల్పు తగ్గిపోతుంది, పైగా లోపలికి పోయే అసలు గాలే అంత ఎక్కువగా ఉండడం వల్ల ఈ కొద్దిపాటి దొంగగాలి లెక్కలోకి రాదు. నార్కట్‌పల్లి దాకా హాయిగా పరుగెత్తి వచ్చిన బండి గడియారం దగ్గర ఆగగానే అరవడం మొదలుపెట్టేది ఇందుకే. "నడుస్తుంటె మంచిగనే ఉంటదన్నా, ఆపితెనే లొల్లి" అని మీలో ఒకరు చెప్పినప్పుడే మాకు అర్థం కావలసింది.

కాకపోవడానికి కారణం మా అలవాటు. స్లో ఎక్కువైందంటే స్క్రూ తిప్పి దించడం, టపటపమంటే మిక్చర్ స్క్రూతో పెట్రోలు కొంచెం పెంచడం మా చేతికి పట్టిన పని. అలా చేసినప్పుడు బండి నిజంగానే నెమ్మదిస్తుంది, ఖాతాదారు సంతోషంగా వెళ్తాడు. అయితే బండి చల్లగా ఉన్నప్పుడు ఒక తీరుగా, వేడెక్కాక మరో తీరుగా ఆ పగులు తెరుచుకుంటుంది కాబట్టి ఆ సర్దుబాటు ఒక్క రోజు కూడా సరిగా నిలవదు. పాత స్ప్లెండర్ స్లో నిమిషానికి 1400 చుట్ల దగ్గర, 100 అటూ ఇటూగా నిలవాలి. మేము స్క్రూలతో సర్ది పంపిన ఒక బండి ఉదయం ఆగిపోతూ, మధ్యాహ్నం 2000 దాటి అరుస్తూ ఉండేది. పైగా మైలేజీ పడిపోయింది.

నాలుగు స్ట్రోకుల బండిలో ఈ తప్పు చికాకుతో పోతుంది, టూ స్ట్రోక్ బండి అయిన యమహా ఆర్ఎక్స్ 100లో అలా పోదు. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలుతో పాటు వచ్చే ఆయిలే బోరునూ పిస్టన్‌నూ కాపాడుతుంది. మిశ్రమం పలచబడితే వేడి పెరగడం ఒక దెబ్బ, ఆయిలును పెట్రోలులోనే కలిపి పోసే బండ్లలో ఆయిలు తగ్గడం మరో దెబ్బ. తిప్పర్తి వైపు నుంచి పాలు తెచ్చే ఒక పెద్దాయన బండి మా దగ్గర సర్వీసు అయిన పన్నెండో రోజున దారిలోనే సీజ్ అయింది, అంటే పిస్టన్ బోరులో పట్టేసి ఇంజను ఆగిపోయింది. రీడ్ వాల్వు ప్యాకింగు బాగానే ఉంది, రబ్బరు కొత్తది. గాలి లాగుతున్నది మాగ్నెట్ వైపు క్రాంకు సీలు దగ్గర, అంటే ఇంజను ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఉండే రబ్బరు చుట్టు దగ్గర. ప్లగ్గు తెల్లగా ఉండడం మిశ్రమం పలచబడిందనడానికి గుర్తు, అది సర్వీసు రోజున చూశాను, పెట్రోలు ఒక్కటే పెంచి పంపాను. బోరు పనికీ పిస్టన్‌కూ అయిన ఖర్చు మా కొట్టే భరించింది. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఇప్పుడు కార్బొరేటర్ మీద చెయ్యి వేయడానికి ముందే గాలి పరీక్ష చేస్తున్నాము. పూర్వం సిరంజితో పెట్రోలు చుక్కలు వేసి చూసేవాళ్లం. వేడి సైలెన్సర్ బెండు పక్కన అది ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పనక్కరలేదు. ఈ పని ఇప్పుడు మొక్కలకు నీళ్లు చల్లే పది రూపాయల స్ప్రే సీసా చేస్తోంది. ఇంజను స్లోలో ఉండగా, ప్లగ్గు క్యాపు తడవకుండా, జాయింట్ల మీద నీటి తుంపర కొడితే, పగులు ఉన్నచోట నీరు కాసేపు గాలిని అడ్డుకుంటుంది, ఆ క్షణంలో ఇంజను శబ్దం మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట నడిపిన తర్వాత ఒకసారి చూస్తాము. ఆర్ఎక్స్ బండ్లకు ఇది చాలదు. వాటి ఎగ్జాస్టును, కార్బొరేటర్ నోటిని రబ్బరుతో మూసి, పాత బీపీ యంత్రం బల్బుతో గాలి ఎక్కించి, ముల్లు నిలుస్తుందో దిగుతుందో చూస్తాము. ఆ ముల్లు 300 (మిల్లీమీటర్ల పాదరసం) దగ్గర ఉంటే అది దాదాపు 5.8 పీఎస్ఐ ఒత్తిడి, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ముల్లు దిగితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ వస్తుందో వెతకడమే. వేల రూపాయల పరికరం కొనలేని మా కొట్టుకు ఇదే గొప్ప యంత్రం.

మరమ్మతు ఖర్చు మీరు భయపడేంత ఉండదు. చాలా బండ్లకు ఓ-రింగు మార్చి, ప్యాకింగు షీటు నుంచి కత్తిరించిన కొత్త ప్యాకింగు వేస్తే సరిపోతోంది. గాలి ఆపాలని బోల్టులను బలం కొద్దీ బిగించడం వల్ల కార్బొరేటర్ అంచు విల్లులా వంగిపోయిన బండ్లు కూడా వస్తున్నాయి, వాటిలో కొన్ని మా చేతిలోనే వంగి ఉంటాయని ఒప్పుకోక తప్పదు. ఆ అంచును మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, సమంగా అయ్యేదాకా చేత్తో రుద్దుతాము. మధ్యలో ఉండే నల్లని ఇన్సులేటర్ ముక్కను తీసేసి నేరుగా బిగించమని కొందరు అడుగుతారు. అది ఇంజను వేడిని కార్బొరేటర్‌కు చేరనివ్వదు. 44, 45 డిగ్రీల ఎండ పడే మన జిల్లాలో దాన్ని తీస్తే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి బండి మొండికేస్తుంది. కనుక ఆ పని చేయము.

పగిలిన రబ్బరు మీద ఎం-సీల్ పెట్టడం, జాయింటుకు మామూలు సిలికాన్ పూయడం కూడా మానేశాము. ఎం-సీల్ రబ్బరుతో పాటు వంగదు. సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి, ముక్కలుగా ఊడి లోపలికి పోతుంది. సైకిలు ట్యూబు ముక్కను రబ్బరు మీద బిగుతుగా చుట్టి క్లిప్పు వేస్తే ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఆ తర్వాత రబ్బరు మార్చవలసిందే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలే అంతా చేసిందని చాలామంది అంటున్నారు. పాత రబ్బర్లు దాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు, నిజమే. అయినా ఇరవై ఏళ్లు ఎండలో నిలిచిన రబ్బరు విషయంలో నేను ముందు ఎండనే అనుమానిస్తాను.

ఒక హోల్‌సేల్ దుకాణం నుంచి తక్కువ ధరకు తెచ్చిన ఇన్‌టేక్ రబ్బర్లను ఈ వేసవిలో కొన్ని బండ్లకు వేశాము. అవి మూడు నెలలకే మడతల దగ్గర చిట్లాయి. అవి వేయించుకున్నవారికి కంపెనీ రబ్బరు వేసి ఇస్తాము, తేడా అడగము. ఉగాది తర్వాత కార్బొరేటర్ సర్వీసు చేయించుకున్న వారందరికీ దసరా దాకా గాలి పరీక్ష ఉచితం. లోపం గాలి లాగడమే అని తేలితే అప్పుడు తీసుకున్న కూలీని ఈ పనిలో తగ్గిస్తాము. కొత్తగా వచ్చేవారికి పరీక్షకు 60 రూపాయలు, ఆర్ఎక్స్ బండ్ల ఒత్తిడి పరీక్షకు 200 రూపాయలు. ఓ-రింగు, ప్యాకింగు మార్చడానికి కూలీతో కలిపి 150. రబ్బరు అవసరమైతే మేము కొన్న బిల్లు మీకు చూపించి అదే ధర వేస్తాము.

చల్లని ఇంజను మీద మొదటి పరీక్ష జరగాలి కనుక, వీలైనవారు ముందురోజు సాయంత్రమే బండి వదిలి వెళ్లండి. ఉదయాన్నే తెచ్చేవారు కొట్టుకు రాగానే బండిని నీడలో పెట్టి, ఒక గంట ఆగవలసి ఉంటుంది.