గుంపులో పాడితే జీతమిస్తారా?

లైప్‌జిగ్, జర్మనీ
ఆదివారం రాత్రి

ప్రియమైన అన్నకు,

నీకు, వదినకు, పిల్లలకు ప్రభువు నామమున నా వందనాలు. ఇక్కడ మేము క్షేమం. మిర్యాలగూడలో మీరందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వు “గుంపుల పాడితే ఎవరన్న జీతమిస్తరా చెల్లె?” అని అడిగి నవ్వినప్పుడు నేను కూడా నవ్వి ఊరుకున్నాను గాని, ఫోను పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మేనకోడలు తాను సినిమా పాటలు పాడనని, టీవీ పోటీలకు పోనని, క్వయర్‌లో, అంటే పదిమందితో కలిసి పాడే బృందంలో, పాడడమే వృత్తిగా చేసుకుంటానని చెప్పిందంటే, ఆ మాట ఎంత దూరం పోతుందో ఆ పిల్లకు పూర్తిగా తెలిసి ఉండదు. అలాగని అది తోసిపుచ్చదగిన మాట కూడా కాదు. ఆ వృత్తికి తయారవుతున్న యువతీ యువకుల ముందు వారానికి అయిదు రోజులు పియానో వాయించడమే నా ఉద్యోగం కాబట్టి, నేను చూసినది చూసినట్టు రాస్తున్నాను. ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించు. ఇందులో కొన్ని సంగతులు ఆమెకు నచ్చవు.

జీతమిస్తారు. జర్మనీలో రేడియో సంస్థలకు, ఒపేరా థియేటర్లకు సొంత క్వయర్లు ఉన్నాయి. వాటిలో పాడేవారు నెల జీతం, సెలవులు, పింఛను గల ఉద్యోగులు. బెర్లిన్ రేడియో క్వయర్ 1925లో మొదలై నేటికీ నడుస్తున్నది. మా ఊళ్లోనే రేడియోకు ఒకటి, ఒపేరాకు ఒకటి ఉన్నాయి. ఇంగ్లండులో 1924 నుంచి ఉన్న బీబీసీ సింగర్స్ అనే బృందాన్ని మూసేస్తున్నామని 2023 మార్చిలో, అంటే నూరేళ్లు నిండడానికి ఏడాది ముందు, ఆ సంస్థ ప్రకటించింది. లక్షన్నర మందికి పైగా సంతకాలు చేసి అభ్యంతరం చెప్పాక గాని వెనక్కి తగ్గలేదు. వదిన దీన్ని సర్కారు కొలువు లాంటిదని అనుకోకూడదనే ఈ సంగతి రాశాను.

ఖాళీలు పడే తీరు కూడా వేరు. “గాయని కావలెను” అని ఎవరూ ప్రకటించరు. “రెండవ ఆల్టో, ఒక స్థానం” అని ప్రకటిస్తారు. ఆడవారిలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవారిలో టెనర్, బేస్. ఒక్కొక్క దానిని మళ్లీ రెండుగా విడదీస్తారు. మన పిల్లది రెండవ ఆల్టో గొంతే అయితే, ఎక్కడో ఒక రెండవ ఆల్టో పదవీ విరమణ చేసేదాకా ఆ కుర్చీ ఖాళీ కాదు. అది ఖాళీ అయిననాడు దానికోసం దేశదేశాల నుంచి వస్తారు. కుర్చీ దొరికాక కూడా కొంతకాలం పరీక్ష కిందనే ఉండాలి. ఉంచుకోవాలో వద్దో చాలాచోట్ల తోటి గాయకుల అభిప్రాయం తీసుకునే తేలుస్తారు. పక్కన నిలబడేవారికి పనికిరాని గొంతు ఎంత గొప్పదైనా ఇక్కడ నిలవదు.

ఆడిషన్ సంగతి చెప్పాలంటే నా పరువు కొంత తీసుకోవాలి. మీరందరూ నేను పియానో నేర్వడానికే ఈ దేశం వచ్చాననుకుంటారు. నేను వచ్చింది పాడడానికి. మొదటి పరీక్షలో, అది ఏ విద్యాసంస్థ అన్నది ఇప్పుడు అనవసరం, కంఠస్థం చేసిన రెండు పాటలు బాగానే పాడాను. తరువాత ఒక కాగితం చేతికిచ్చి, మొదటి స్వరం వినిపించి, అర నిమిషం చూసుకొని పాడమన్నారు. సికింద్రాబాదులో పియానో పరీక్షలన్నీ రాసినదాన్ని కాబట్టి ఆ కాగితం మీది గుర్తులు నాకు కొత్త కావు. కాని ఇన్నేళ్లూ చదివింది నా వేళ్లే గాని గొంతు కాదు. మీట నొక్కితే స్వరం అదే పలుకుతుంది. గొంతుకు మాత్రం స్వరం ముందుగా చెవిలో వినబడాలి. మూడో గీత దగ్గర తప్పాను, అయిదో గీత దగ్గర ఆగిపోయాను. ఎదుట కూర్చున్న ముగ్గురూ మర్యాదగా కాగితం వెనక్కి తీసుకున్నారు.

ఒంటరిగా పాడే గాయకుడు ఒక పాటను నెలల తరబడి సాధన చేయవచ్చు. క్వయర్ ఉద్యోగంలో కొత్త రచన సోమవారం చేతికొస్తే వారాంతానికి సభ ఉంటుంది. రోజుకూలీ మీద పాడేవారికైతే మధ్యాహ్నం ఒకసారి కలిసి పాడుకోవడం, సాయంత్రం సభ, అంతే. అందుకే ఈ వృత్తిలో చూసి పాడడం రానివాడు ఈత రాని బెస్తవాడు. ఇక్కడ మన పిల్లకు ఒక మేలు ఉంది. మన సరిగమలు షడ్జమం, అంటే ‘స’, ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి లెక్కపెట్టేవి. హంగరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ పేరుమీద ప్రచారంలో ఉన్న బోధన పద్ధతి కూడా అదే లెక్కమీద నిలబడింది. అందులో ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు చూపిస్తారు, ఆ గుర్తులను అంతకుముందే ఇంగ్లండులో జాన్ కర్వెన్ వాడుకలోకి తెచ్చాడు. వీరు మేజర్ స్కేలు అనే స్వరాల వరుస మన ధీరశంకరాభరణ రాగానిదే. కాబట్టి అమ్మాయి కొత్తగా నేర్వవలసింది స్వరజ్ఞానం కాదు, అయిదు గీతల మీద రాసిన గుర్తును చూడగానే ఆ సరిగమలు చెవిలో మోగడం. దానికి రోజుకు అరగంట చొప్పున రెండు మూడేళ్లు పడుతుంది. దగ్గరి దారి లేదు.

ఇక లోపల ఏం నేర్పుతారో నిన్న జరిగినది చెబితే నీకు తెలుస్తుంది. వాద్యం లేకుండా పాడే పాట ఒకటి జరుగుతున్నది. అటువంటప్పుడు నా పని మొదటి స్వరాలు అందించి చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం, చివర మళ్లీ మీట నొక్కి ఎక్కడ తేలారో చూపడం. నాలుగు నిమిషాల పాట అయిపోయింది, వినడానికి ఎంతో బాగుంది. డైరెక్టరు నావైపు చూసి తల ఊపగానే మీట నొక్కాను. ఇరవైనలుగురూ కలిసి అర స్వరం కిందికి జారారు. ఎవరు జార్చారని ఆయన అడగలేదు. మూడో పేజీలో అందరూ కలిసి ఆగే చోట నిలబెట్టి, ముందు బేస్‌లను, వారి మీద టెనర్లను, చివరికి ఆల్టోలను పలికించారు. ఆ చోట ఆల్టోలది అంతర గాంధారం, అంటే ధీరశంకరాభరణంలోని ‘గ’. ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల నా పియానోలో వినబడే గాంధారాన్ని గుర్తుపెట్టుకొని దానినే పలుకుతున్నది. “పియానోను మరిచిపో, కిందివాళ్లను విను” అన్నారాయన. ఆమె కళ్లు మూసుకొని, స్వరాన్ని వెంట్రుకవాసి దించగానే గదిలో గాలి మారినట్టయింది. పాడుతున్నవారందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అన్నా, ఇది మనకు తెలియనిది కాదు. శృతి కుదిరిన తంబురాలో మంద్ర షడ్జమం తీగ మీటితే ఎవరూ మీటని గాంధారం దానంతట అదే వినబడుతుందని, దాన్ని స్వయంభూ గాంధారమంటారని నాయిన చెప్పేవాడు కదా. ఆ పిల్ల వెతికి పట్టుకున్నది దానినే. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే, పియానో గాంధారం దానికన్నా దాదాపు 14 భాగాలు ఎత్తున ఉంటుంది. అన్ని శృతులలోను వాయించగలగాలని పియానోలో ఆ రాజీ పడ్డారు. మన ఇంటి హార్మోనియం శృతి చేసిందీ అదే రాజీ మీద. అప్పట్లో ఆలిండియా రేడియో హార్మోనియంను 1940లో నిషేధించి 1971 దాకా రానీయలేదంటే, స్వరాన్ని ఊపి పలికే గమకాలు పలకదన్నదానితోపాటు శృతి గురించిన ఈ తగాదా కూడా ఉంది. నేను పియానో వాయించి తింటున్నదాన్ని. అయినా చెబుతున్నాను, ప్రతి కీర్తననూ కీబోర్డు పట్టుకొని పాడే పిల్లకు ఈ చెవి రాదు.

ఒకరితో ఒకరు కలవడమంటే గొంతు తగ్గించడమని మన చర్చిలో అనుకునేవాళ్లం. కాదు. పెద్ద ఆర్కెస్ట్రాను దాటి ఒక్కరి గొంతు వినబడడానికి ఒంటరిగా పాడేవారు గొంతులో ఒక మెరుపు సాధిస్తారు. క్వయర్‌లో అదే మెరుపును అవసరమైనప్పుడు వెలిగించి, లేనప్పుడు ఆర్పగలగాలి. అచ్చులు అందరి నోటిలోను ఒకే ఆకారంలో ఉండాలి. మా దగ్గర ఒక అభ్యాసముంది: ఒకరు ‘ఊ’ అని ఒక స్వరం పట్టుకుంటే, తక్కినవారు ఒక్కొక్కరే అందులో చేరాలి, ఎవరు ఎప్పుడు చేరారో కళ్లు మూసుకున్న నాకు తెలియకూడదు.

మన భాష వల్ల వచ్చే చిక్కు ఒకటుంది, అది ఇక్కడివారికి తోచనే తోచదు. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. జర్మన్‌లో ‘గాట్’, ‘లిహ్ట్’ అని మాట చివర హల్లు తెగిపోతుంది, ఆ టకారాన్ని అరవైమంది ఒకే క్షణంలో పలకాలి. ఒక్కరు తొందరపడినా సీసపు గుండ్లు రాలినట్టు వినబడుతుంది. నేను పాడిన రోజుల్లో నా టకారం చివర ఎప్పుడూ ఒక చిన్న ఉకారం తోక ఉండేది. దాన్ని కోయడానికి ఆరు నెలలు పట్టింది.

ఊపిరి విషయంలో మాత్రం మనవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఉంది. పొడవాటి వాక్యాన్ని తెగకుండా పాడాలంటే పక్కవారు ఊపిరి తీసుకునే చోట మనం తీసుకోకూడదు. మాట మధ్యలో అచ్చు మీద నెమ్మదిగా తప్పుకొని, అంతే నెమ్మదిగా మళ్లీ చేరాలి. దీనిని ఇక్కడ నెలల తరబడి నేర్పుతారు. సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో నడుము వంచి నాటు వేస్తూ పాడే ఆడవాళ్లు ఎవరూ నేర్పకుండానే ఈ పని చేసేవారు. మన వాకిలి ముందు బతుకమ్మ ఆడేటప్పుడు ‘ఉయ్యాలో’ అన్న వంత మీద సగం మంది పాడుతుండగా సగం మంది ఊపిరి తీసుకునేవారని నాకు ఈ గదిలో కూర్చున్నాకే తెలిసింది. కాని అక్కడ అందరిదీ ఒకే వరుస. నాలుగు వరుసలు వేర్వేరుగా నడుస్తుంటే తన వరుస వదలకుండా ఉండడం వేరే విద్య. అది కూడా రావాలి.

ఇక దారులు. ఈ ఊరి సెయింట్ థామస్ చర్చి క్వయర్ 1212 నాటిది, స్వరకర్త బాహ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా దానికి అధిపతి. పిల్లలు తొమ్మిదేళ్లకే చేరి, హాస్టలులో ఉండి, పద్దెనిమిదేళ్ల దాకా వారం వారం చర్చిలో పాడతారు. అందుకే ఇక్కడి కుర్రవాడికి మన పిల్ల వయసుకే ఎనిమిదేళ్ల అనుభవం ఉంటుంది. అది మగపిల్లలకే. ఇంగ్లండులో 1991లో సాల్స్‌బరీ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి బాలికలకు ప్రత్యేకంగా క్వయర్ పెట్టాక ఆ దేశంలో ఆడపిల్లలకు తలుపులు తెరుచుకుంటూ వచ్చాయి. చిన్ననాడు ఆ అవకాశం లేనివారికి పెద్దయ్యాక ఇచ్చే శిక్షణలూ ఉన్నాయి: ద సిక్స్‌టీన్ అనే బృందం 2011 నుంచి 18, 23 ఏళ్ల మధ్యవారికి ఏడాదిపాటు ఉచితంగా నేర్పుతున్నది. అక్కడికి రావాలంటే కూడా ముందు గాత్రం చదువు ఉండాలి. ఇక్కడ 1843లో స్వరకర్త మెండెల్సన్ స్థాపించిన సంగీత కళాశాలలో ప్రవేశ పరీక్ష ఉంటుంది, జర్మన్ భాష రావాలి. ఐరోపా బయటివారి దగ్గర రుసుము తీసుకునే కళాశాలలూ ఉన్నాయి, ఖర్చు లెక్క వేరే కాగితం మీద పంపుతాను. పొలం మాట మాత్రం ఇప్పుడే ఎత్తవద్దు.

మన దేశంలో దీని మీద బతకడం కష్టం. సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యూత్ క్వయర్ నడిపారు. 2001లో మొదలైన షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2010లో టీవీ పోటీ గెలిచి దేశమంతటికీ తెలిసింది. అటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాఠశాలల్లో పిల్లల క్వయర్లను నేర్పే ఉపాధ్యాయురాలిగా బతికే దారి ఉంది, అది చిన్నదని అమ్మాయి అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పటికి మూడు పనులు చేయించు. క్రిస్మస్ నెలంతా ఊరూరా తిరిగి స్పీకర్ల ముందు అరిచి పాడనీయకు. పదిహేడేళ్ల గొంతు ఇంకా కుదురుకోలేదు, బొంగురుపోయిన రోజున అసలే పాడకూడదు. తనకు వచ్చిన పాటలు కాక రాని పాట రోజుకొకటి కాగితం చూసి పాడాలి. మూడోది, వాట్సాప్‌లో నేను ఒక పేజీ పంపుతాను, అందులోని ఆల్టో వరుసను రెండు రోజులు చూసుకొని పాడి పంపాలి. హార్మోనియం మీద మొదటి స్వరం ఒక్కసారి వాయించి మూత వేయమను. పాట అయిపోయాక మూత తెరిచి అదే మెట్టు నొక్కమను. ఎంత జారినా సరే, కత్తిరించకుండా మొత్తం పంపాలి. నాయిన హార్మోనియంలో పై షడ్జమం మెట్టు ఇంకా అంటుకుపోతూనే ఉంటే, మధ్య స్థాయిలోనిది నొక్కమను.

ఇట్లు,
నీ చెల్లెలు