ఫొటో కింద నాలుగు ముక్కలు రాయండి

సంపాదకులకు నమస్కారం. చలికాలం వస్తే చాలు, మా విశాఖవాళ్ల ఫోన్లన్నీ వంజంగి మేఘాలు, లంబసింగి మంచు, యారాడ అలలతో నిండిపోతాయి, చూడటానికి నిజంగా కన్నుల పండగే. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి దూరపు కొండలు మసకబారతాయి, అదే డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టే చేరుతుంది. లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసిన ఫొటో అయితే ఆ వివరం కూడా వెంట వెళ్తుంది, కొత్తవాళ్లకు అలా పంపొద్దు.

అసలు మాట ఇది. సముద్రపు రాళ్ల మీద నిలబడి దిగిన ఫొటో పెట్టేవాళ్లు అక్కడ అల ఎంత బలంగా లాగుతుందో కూడా రాయాలి, ఎందుకంటే అది చూసి మన పిల్లలు సరిగ్గా ఆ రాయి మీదికే వెళ్తారు. వంజంగికి చీకట్లోనే కొండెక్కాలి, టార్చి, స్వెట్టర్ తప్పనిసరి అని ఒక్క లైను రాయడానికి ఎంతసేపు పడుతుంది?

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం