ప్యూరిటన్లకు ఇంత పొగడ్తా?

అయ్యా,

అమెరికా పండుగ థాంక్స్‌గివింగ్ పేరుతో మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసానికి ఎవరైనా సవరణ రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు.

ఇంగ్లండ్‌లో మత హింస తట్టుకోలేక వలసపోయిన ప్యూరిటన్లు (ఇంగ్లండ్ చర్చిలోనే ఉండి దాన్ని సంస్కరించాలన్న క్రైస్తవులు) అమెరికాకు మత స్వేచ్ఛ ప్రసాదించారట! హింస మాట నిజమే. బిషప్‌ల మీద కరపత్రం రాసినందుకు 1637లో ప్యూరిటన్ లాయరు విలియం ప్రిన్ చెవులు కోసి, బుగ్గల మీద వాతలు పెట్టారు. మరి ఆ 'ప్రసాదం' సంగతేమిటి? 1630లో అమెరికాలోని మసాచుసెట్స్ బే చేరిన ప్యూరిటన్లు మరుసటి ఏడాదే చర్చి సభ్యులకు తప్ప ఓటు లేదన్నారు. మనిషి నమ్మకంతో ప్రభుత్వానికి పనేంటని అడిగిన రోజర్ విలియమ్స్‌ను 1635లో బహిష్కరించారు. ఆయన నడి చలికాలంలో వెళ్లిపోయి ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. మత స్వేచ్ఛ గురించి రాస్తే ముందు రాయాల్సింది ఆయన పేరు. మీ వ్యాసంలో వెతికినా లేదు. ఇంట్లో జనాన్ని కూర్చోబెట్టుకుని మత ప్రసంగాల మీద మాట్లాడిన ఆన్ హచిన్సన్‌నూ తరిమేశారు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లనైతే 1659 నుంచి 1661 లోపు బోస్టన్‌లో నలుగురిని ఉరి తీశారు. మేరీ డయర్ అందులో ఒకరు. బోస్టన్‌లో పిల్లలున్న మన తల్లిదండ్రులు స్టేట్ హౌస్ (రాష్ట్ర ప్రభుత్వ భవనం) ముందు ఆవిడ విగ్రహం చూసే ఉంటారు. చివరికి ఆ ఉరితీతలు ఆపమని ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఆదేశించాల్సి వచ్చింది. ఎవరి పాలన భరించలేక పారిపోయారో వాళ్లే వచ్చి బుద్ధి చెప్పాలా? క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా కూడా వేశారు మహానుభావులు.

పైగా 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కిన వేర్పాటువాదులనూ వీళ్లనూ ఒకే గాటన కట్టారు. వాళ్లు ఇంగ్లండ్ చర్చితో పూర్తిగా తెంచుకుని, హాలండ్‌లో పన్నెండేళ్లు తలదాచుకున్నవాళ్లు. ఓడలో సగంమంది అసలు మతం కోసం బయల్దేరినవాళ్లే కాదు.

ఈ అవకతవకలే రేపు పోటీ పరీక్షల గైడ్లలోకి ఎక్కుతాయి. కీ మీద అభ్యంతరం పెడితే వినే నాథుడుండడు. పోనీ గ్రంథాలయంలో చూసుకుందామంటే, మా ఊళ్లో చరిత్ర పుస్తకాల బీరువాకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పాల్సిన లైబ్రేరియన్ పోస్టు ఖాళీ. ఇంటి పన్నుతో గ్రంథాలయ సెస్సు వసూలు చేయడం మాత్రం ఏ ఏడూ మరిచిపోరు. మీ దగ్గరా ప్రూఫులు దిద్దేవాళ్లను తీసేసినట్టున్నారు. జిల్లా పేజీ చదివితేనే తెలుస్తోంది.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే, టెండరు ప్రకటనల కింద ఇరికించకుండా ఆ అనుబంధంలోనే, అదే సైజు అక్షరాల్లో వేయండి.

— ఒక పాత చందాదారు, గుంటూరు జిల్లా