వరద దీపం మోడల్ జమా ఖర్చులు, ఆ అక్రిలిక్ షీట్ల సంగతితో సహా

అందరికీ నమస్కారం అండి. మన గోదావరి లంక కుర్రోళ్ళు కాలేజీలో ప్రొడక్ట్ డిజైన్ ప్రాజెక్టుకి చేసిన వరద దీపం మోడల్, అంటే వరద హెచ్చరికని బట్టి రంగు పట్టీలు వెలిగే స్తంభం, దాని లెక్క ఇది. రెండు వారాలు లేటయింది, ఒప్పుకుంటున్నాం. అక్రిలిక్ షీట్లు రెండుసార్లు ఎందుకు కొన్నారు, కటింగు షాపు మా మెంబరు బామ్మర్దిదట అని గ్రూపులో నాలుగు రోజుల నుంచి పడుతున్న మెసేజీలు కూడా చదివాం.

జమ: ఊళ్ళో 21 మంది ఇచ్చినవి 18,300. దుబాయ్ నుంచి మన పిల్లాడొకడు పంపినవి 5,000, పేరు రాయొద్దన్నాడు. చవితి పందిరి మిగులు 2,450. మొత్తం 25,750. ఇచ్చినోళ్ళందరికీ దండాలండి.

ఖర్చు: ఎల్ఈడీ స్ట్రిప్పులు, కంట్రోలర్ బోర్డు, పవర్ సప్లై 3,840. ప్లైవుడ్, పీవీసీ పైపు, పెయింటు 2,270. సోలార్ ప్యానెల్, బ్యాటరీ, ఛార్జర్ 4,900. వైర్లు, స్క్రూలు, జిగురు 870. పంటు, ఆటోలు, బస్సులు 1,460. టీ టిఫిన్లు 1,120, మూడు వారాలు రాత్రి పదకొండు దాకా కూర్చున్న ఆరుగురికి అది కూడా ఎక్కువే అంటే ఇంక మేం చెప్పేదేం లేదు.

ఇప్పుడు అక్రిలిక్, అదే వెలుగు ముందు పెట్టే ప్లాస్టిక్ షీటు. కటింగుతో కలిపి మొదటిసారి 4,200, రెండోసారి 5,650. ఒక్క స్తంభానికి రెండుసార్లు షీటేంటని అడిగారు, అడగాల్సిందే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీళ్ళు 11.75 అడుగులకొస్తే పసుపు, 13.75కి నారింజ, 17.75కి ఎరుపు, ఇలా మూడు హెచ్చరికలకీ మూడు పట్టీలు వెలగాలి, గట్టు మీంచి చూసినా తెలియాలి. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన రాత్రి కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయి మనం ఎలా ఉన్నామో గుర్తుందిగా, ఈ ఆలోచన పుట్టింది అక్కడే. మొదట అద్దంలా ఉండే షీటు కొన్నాం, అది మా తప్పే. వెలిగించి చూస్తే పట్టీ లేదు పాడూ లేదు, మొక్కజొన్న పొత్తు గింజల్లా ఏ బల్బుకా బల్బు కనపడింది. పైగా త్వరగా అంటుకునే జిగురు వాడేసరికి అంచులన్నీ బూజు పట్టినట్టు తెల్లబడ్డాయి. స్ట్రిప్పులో మీటరుకి 60 బల్బులు, అంటే మధ్యలో సుమారు 1.7 సెంటీమీటర్లు, షీటు బల్బులకి కనీసం అంత దూరంలో ఉంటేగానీ వెలుగు కలవదు, మేం పెట్టింది అర సెంటీమీటరు. అందుకే ఆ దూరం కోసం స్తంభం సైజు పెంచి పాలరంగు షీటు తెచ్చి ఈసారి జిగురు బదులు, అక్రిలిక్ అంచుల్ని కరిగించి అతికే క్లోరోఫామ్ సిరంజితో పోసి అతికించాం. పాత ముక్కలు పారేయలేదు, బోర్డు పెట్టెకి మూత చేశాం.

కటింగు షాపు మా మెంబరు బామ్మర్దిది అన్న మాట మాత్రం అబద్ధం అండి. ఆ బామ్మర్ది అక్కడ జీతానికి చేస్తాడంతే. రాజమండ్రిలో మరో రెండు చోట్ల రేటు అడిగాకే ఇచ్చాం.

మొత్తం ఖర్చు 24,310, చేతిలో 1,440 ఉంది. మైకులో పేరు చదివించుకుని ఇంకా ఇవ్వని నలుగురి దగ్గర 6,000 రావాలి. అది రాకే నీటిమట్టం సెన్సార్ కొనలేదు, ఇప్పటికి స్విచ్ నొక్కితేనే రంగు మారుతోంది. ఆ నలుగురిలో ఒకాయన దీపం పక్కన నిలబడి దిగిన ఫోటో స్టేటస్‌లో పెట్టుకున్నారు, సంతోషమే, కానీ ఆదివారంలోపు పంపండి.

బిల్లుల ఫైలు రామాలయం పక్క కిరాణా కొట్లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. షీట్లు తెచ్చిన ఆటోకిచ్చిన 340కి మాత్రం బిల్లు లేదు.