మెయిన్ ఆపిన తమ్ముడికి, ఆ రోజు తోడున్న అందరికీ

పోయిన వారం సైటులో నిచ్చెనెక్కి సీలింగ్‌లో జాయింట్ వేస్తున్నాను. బోర్డులో ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్, ఎంసీబీ, నా చేత్తోనే ఆఫ్ చేశాను, టెస్టర్ పెట్టి చూసుకున్నాను. కానీ బోర్డుకి లాక్ వేయలేదు, ట్యాగ్ కట్టలేదు. పది నిమిషాల పనే కదా అనుకున్నాను. అంతలో కింద ఎవరికో డ్రిల్లింగ్ మిషన్‌కి కరెంటు కావాల్సి వచ్చి ఎంసీబీ పైకెత్తారు. వాళ్లను ఒక్క మాట కూడా అనను. పైన మనిషి పని చేస్తున్నాడని చెప్పే కాగితం ముక్కైనా అక్కడ లేదు మరి.

ఒక చేతిలో వైరు, రెండో చెయ్యి సీలింగ్ ఇనప ఫ్రేమ్ మీద. వదిలేయాలని తెలుస్తూనే ఉంది, వేళ్లు విడివడలేదు. 10, 15 మిల్లీఆంపియర్లకే కండరాలు అలా బిగుసుకుపోతాయి. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. మా హెల్పర్ తలెత్తి చూశాడు. వాడు నా కాలు పట్టుకుని లాగి ఉంటే వాడికీ కొట్టేది. లాగలేదు, బోర్డు దగ్గరికి పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. పనిలో చేరి రెండు నెలలు కూడా కాలేదు. "నిన్ను పట్టుకోవాలనే అనిపించిందన్నా. కానీ ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపు అని మొదటి రోజే చెప్పావు కదా" అన్నాడు తర్వాత. తమ్ముడూ, చెప్పిన నేను మర్చిపోయినా నువ్వు గుర్తుపెట్టుకున్నావు. నీ రుణం తీరదు.

కరెంటు పోగానే కింద పడబోతుంటే భుజం అడ్డుపెట్టిన కార్పెంటర్ అన్నకి చాలా చాలా కృతజ్ఞతలు. తల నేలకి తగలకుండా కాచింది ఆయనే.

బొటనవేలి మీద పెసరగింజంత నల్లటి మచ్చ, అంతే. బాగానే ఉన్నాను, నీళ్లు తాగి పని చూసుకుంటానన్నాను. సూపర్‌వైజర్ గారు ఒప్పుకోలేదు. షాక్ పైకి కనిపించేంత చిన్నది కాదని కోప్పడి మరీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీలో గుండె లయ తప్పుతోందని తేలింది. రాత్రంతా మానిటర్ పెట్టి చూసుకున్న డాక్టరు గారికి, నర్సమ్మలకి నమస్కారాలు. తెల్లారేసరికి సర్దుకుంది.

సైటులోని టెంపరరీ లైనుకి ఇప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి ఎర్త్‌కి పోతే లైను దానంతటదే ఆపేసే స్విచ్, పెట్టించారు. ఆ రోజే ఉంటే నా ఒంట్లోంచి అలా ఎర్త్‌కి పోతుండగానే ట్రిప్పయ్యేది. అడిగిన వెంటనే పెట్టించినందుకు సార్‌కి మళ్లీ థాంక్స్.

నిన్న రెండు ఎర్ర తాళాలు కొన్నాను. ఒకటి తమ్ముడికిచ్చాను. రెండోది నా బ్యాగులో ఉంది, తాళంచెవి నా మొలతాడుకి.