నాన్న రిమోటు, రెండు రిసీవర్లు

ఒరేయ్ బావా,

ఆదివారం ఫోన్లో నాన్న రిమోటు గొడవ సగంలో ఆపేశాను కదా, మిగతాది రాస్తున్నా. గుంటూరులో మీ అమ్మగారికీ ఇలాంటిదే పెడతానన్నావు కాబట్టి కాస్త వివరంగానే చెబుతా.

బెజవాడ ఇంట్లో కంప్యూటర్ ఒకటే. టీవీలు రెండు, హాల్లో ఒకటి, నాన్న గదిలో ఒకటి. రెండు చోట్లా ఒకే మోడల్ యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్లు, అంటే రిమోటు పంపే ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్‌ని అందుకుని కంప్యూటర్‌కి చెప్పేవి. నాన్న మంచం మీద నుంచి కింది బాణం ఒక్కసారి నొక్కితే రెండు పాటలు దాటిపోయేది. పైకి నొక్కితే అదీ రెండే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయనకి రోజంతా ఆ పాటలే తోడు. "నేనే గట్టిగా నొక్కుతున్నానేమోరా" అన్నారు. ప్రాణం ఉసూరుమందిరా.

గది తలుపు వేసి నొక్కమన్నా. ఒక్కటే కదిలింది. తీసి నొక్కమంటే రెండు! కంటికి కనపడకపోయినా ఇన్‌ఫ్రారెడ్ కూడా వెలుగే కదా, గోడకి తగిలి హాల్లోకి వస్తోంది. రెండు రిసీవర్లూ అందుకుని చెరోసారి కంప్యూటర్‌కి చెబుతున్నాయి.

పగలంతా ఆయన్ని తలుపేసి ఉంచలేం. అందుకే గవర్నర్‌పేట వెళ్లి హాలుకి వేరే రిమోటు తెచ్చా. రిమోట్లు సిగ్నల్ పంపే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. నాన్నది ఆర్‌సీ-6 పద్ధతి, ఇది ఎన్‌ఈసీ. దీని సిగ్నల్ 9 మిల్లీసెకన్ల పొడుగు వెలుగుతో మొదలవుతుంది. ఐఆర్-కీటేబుల్ అని రిమోట్లని సెట్ చేసే ప్రోగ్రాం ఉంది, దాని టెస్ట్ మోడ్‌లో ఒక్కో బటన్ కోడ్ చూసి టేబుల్ రాసుకున్నా. హాలు రిసీవర్‌కి ఎన్‌ఈసీ ఒక్కటే, నాన్న గదిదానికి ఆర్‌సీ-6 ఒక్కటే ఉంచా. ఇప్పుడు వెలుగు ఎక్కడికి వెళ్లినా, తనది కానిదాన్ని రిసీవర్ పట్టించుకోదు.

సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. నాన్న రిమోటుకి ఉలుకూ పలుకూ లేదు! ఆ కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ ముందు కనపడిన రిసీవర్‌కి ఆర్‌సీ0, తర్వాతదానికి ఆర్‌సీ1 అని పేరు పెడుతుంది. ఈసారి తారుమారయ్యాయి. నేను ఏ రిసీవర్‌కి ఏ పద్ధతో ఆ నంబర్లని నమ్ముకునే పెట్టా. పోనీ మోడల్ నంబరుతో గుర్తుపడదామంటే రెండూ ఒకటే. తేడా అల్లా గుచ్చిన పోర్టు. ఏ పోర్టులో ఉన్నదానికి ఏ పద్ధతో యూడెవ్ రూల్‌లో రాసేశా. గుచ్చిన పరికరాలని గుర్తుపట్టి సెట్ చేసే లైనక్స్ భాగమే యూడెవ్. నువ్వు మొదటే అలా చెయ్యి. పోర్టుల పక్కన స్కెచ్‌తో పేర్లు కూడా రాయి, దుమ్ము దులిపేటప్పుడు ఎవరైనా వైరు మార్చి పెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

రాత్రి మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూశా. తలుపు బార్లా తీసే ఉంది. నాన్న నొక్కారు, ఒక్క పాటే కదిలింది.

నీ రిసీవర్లు ఒకే మోడలా కాదా చూసి చెప్పు. వేరువేరైతే పోర్టుల గొడవ లేదు, మోడల్ నంబరుతోనే రూల్ రాసి పంపిస్తా.

ఉంటారా మరి.