లారీకి వేరే రాతపరీక్ష కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను 26 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. చదివింది ఐదో తరగతి. నేను చెబుతుంటే మా అమ్మాయి ఈ ఉత్తరం రాసిపెట్టింది.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. ట్రక్కు లైసెన్సు కోసం ఈమధ్య రెండు నెలలు కూర్చుని చదివాడు. చేతిలో కారు లైసెన్సు ఉన్నా సరే, ట్రక్కు నేర్చుకోవడానికి స్టీరింగ్ పట్టాలంటే అక్కడ ముందు వేరే రాతపరీక్షలు నెగ్గాలట. అన్నిటికీ కలిపి ఒకటి, ఎయిర్ బ్రేకులకు ఒకటి, ట్రైలర్‌కి ఒకటి. ట్యాంకరు తోలాలన్నా, ప్రమాదకరమైన సరుకు వేసుకోవాలన్నా మళ్లీ వేరే. ప్రతి దాంట్లో నూటికి 80 రావాలి. 1986లో చట్టం తెచ్చి దేశమంతటికీ ఈ పద్ధతి పెట్టారట.

వాడు రాత్రిపూట ఫోన్ చేసి నన్ను అడుగుతుండేవాడు. ఒకరోజు "మామయ్యా, కొండ మీది ఘాటు రోడ్డు ఏ గేర్లో దిగాలి?" అన్నాడు. "ఎక్కడానికి ఏ గేరు పడుద్దో దిగడానికీ అదే గేరు. మా గురువు మాట" అన్నాను. "పాత బళ్లకి అదే లెక్కని ఈ పుస్తకంలోనూ రాశారు" అన్నాడు.

ఆ మాట నాకు చెంపదెబ్బతో వచ్చింది. క్లీనర్‌గా ఉన్న రోజుల్లో గురువు స్టీరింగ్ ఇస్తే, సిమెంటు లోడుతో దోర్నాల ఘాటు దిగుతూ డీజిలు మిగులుద్దని న్యూట్రల్ చేశాను. ఇంజిను పట్టు పోయి భారమంతా బ్రేకు మీదే పడింది. రెండు మలుపులు తిరిగేసరికి వెనక చక్రాల నుంచి కాలిన వాసన, పొగ. తొక్కేకొద్దీ బ్రేకు మెత్తబడిపోయింది. గురువు నన్ను పక్కకు నెట్టి బండిని ఎలాగో గేర్లోకి తెచ్చి, కొండవైపు ఆనించి ఆపాడు. డ్రమ్ములు వేడెక్కితే బ్రేకు పట్టదని, ఊరికే తొక్కుతుంటే ట్యాంకులో ఎయిరు దిగిపోతుందని ఆ రోజు తెలిసింది. పక్కన ఆయన లేకపోతే నేనూ లేను. గురువు దొరకని పిల్లవాడికి ఇది ఎవరు చెప్పాలి?

మన దగ్గర లారీ కోసమని అడిగే రాతపరీక్ష ఏదీ లేదు. హెవీ లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, లైట్ మోటార్ లైసెన్సు వచ్చి ఏడాది గడవాలి. కానీ చేతిలో లైసెన్సు ఉన్నవాడికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) పరీక్ష మళ్లీ అక్కర్లేదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 11వ నిబంధన మినహాయింపు ఇస్తోంది. అంటే మొదటిసారి రాసిన పరీక్షే లెక్క. అందులో రోడ్డు గుర్తులు, కాపలా లేని రైల్వే గేటు, దగ్గర ఉండాల్సిన కాగితాలు అడుగుతారు, నూటికి 60 వస్తే పాసు. ఎయిర్ ప్రెజర్, లోడు కట్టడం, ఘాటు దిగడం ఎక్కడా రావు. ప్రమాదకర సరుకు బళ్లకు మాత్రం మూడు రోజుల శిక్షణ ఉంది. సిమెంటు, ఇసుక, బియ్యం తోలేవాడికి అదీ లేదు.

శిక్షణ సర్టిఫికెట్ కావాలి కదా అంటారు. నిజమే, హెవీకి 30 రోజులు, అందులో 15 గంటలు స్టీరింగ్ మీద అని రూలు. నా దగ్గర పనిచేసిన ఒక క్లీనరుకు ఒక స్కూలు వాళ్లు రెండు రోజులు గ్రౌండులో తిప్పి కాగితం ఇచ్చేశారు. వాడి తప్పేం లేదు, వాడు డబ్బు కట్టింది నేర్చుకోవడానికే.

ఇంకో సంగతి. 2024 జనవరిలో కొత్త హిట్ అండ్ రన్ (గుద్ది పారిపోవడం) సెక్షన్ మీద డ్రైవర్లం బళ్లు ఆపినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఆ రోజుల్లో మా స్టాండులో కుర్రాళ్లను అడిగాను, యాక్సిడెంట్ అయితే ఏం చేయాలని. జనం కొడతారు, పారిపోవాలి అన్నారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ వాళ్లకు ఎవరూ చదివి వినిపించలేదు. దెబ్బ తగిలినవాణ్ని ఆస్పత్రికి చేర్చాలి, పోలీసులకు చెప్పాలి. జనం కోపంతో మీద పడే పరిస్థితి ఉంటే చట్టమే దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు కూడా వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరి స్టేషన్లో చెప్పాలి. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే రోడ్డు మీద ఎందరో బతికేవాళ్లు, ఎందరో డ్రైవర్లు జైలు తప్పించుకునేవాళ్లు.

ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. మంచి పని చేశారు. నేను బండి ఎక్కిన రోజుల్లో అది ఉండి ఉంటే నాలాంటివాడు బండి ఎక్కేవాడే కాదు. అయితే చదవలేనివాడికి చెవి ఉంది. ప్రశ్నలు తెలుగులో వినిపించి, బొమ్మ చూపించి జవాబు నొక్కమనవచ్చు.

11వ నిబంధనలో ఆ మినహాయింపును హెవీ బళ్ల వరకు తీసేయమని మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రానికి రాయాలి. అది తేలేదాకా ఆగక్కర్లేదు. బ్రేకులు, లోడు, ఘాటు, 134వ సెక్షన్ మీద మా మాటల్లో ఒక చిన్న పుస్తకం, దాన్నే చదివి వినిపించే ఆడియో రవాణా శాఖ తయారుచేయించాలి. లారీ ఓనర్ల సంఘాలు స్టాండుల్లో వారానికో పూట దాన్ని వినిపించాలి. మా స్టాండులో ఆదివారం పూట చెప్పడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్,
వినుకొండ, పల్నాడు జిల్లా